బోర్డు మీద చోటు దొరకని పదిమంది

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవీ. కోర్టులో సెలవు చీటీ ఇవ్వాలి, అది నిన్ననే ఇచ్చేసింది. లక్ష్మీపతి సార్ భార్య కమలాంబమ్మకు కళ్లలో వేసే చుక్కల మందు కొనాలి, పులివెందుల బస్టాండు ఎదురుగా ఉన్న షాపులో కొన్నది. తొమ్మిది గంటల జమ్మలమడుగు బస్సు అందుకోవాలి, అందుకున్నది, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. తమ్ముడు కొండయ్యను మోటారు సైకిలు తీసుకుని బస్టాండుకు రమ్మనాలి. మైకు దగ్గరికి తనను అందరికన్నా ఆఖర్న పిలవమని హుమాయున్‌కు చెప్పాలి. లక్ష్మీపతి సార్ ఫొటోకు పూలదండ తీసుకోవాలి. ఆయన చెట్టు మీది పువ్వును తెంపితే ఒప్పుకునేవాడు కాదు కాబట్టి ఆ పనిని కొట్టేసింది. ఇక మిగిలింది ఒక్కటే, సంచిలో నాలుగు మడతలు పెట్టుకున్న కాగితం. దాన్ని ఏం చేయాలో జమ్మలమడుగు చేరేలోపల తేల్చుకోవాలి.

గురవమ్మకు పనులు ఇట్లా వరుసగా రాసుకోవడం అలవాటు. పంతొమ్మిదేండ్లుగా కోర్టులో స్టెనో. సాక్షి బోనులో నిలబడి ఏం చెప్తే అది టైపు చేయడమే ఆమె ఉద్యోగం. ఏడిస్తే ఏడుపును టైపు చేయలేదు, వణికితే వణుకును చేయలేదు, చెప్పిన మాటను మాత్రం చేస్తుంది. బస్సు కదిలింది. కండక్టరు చిల్లర లేదని ముందే అరిచి చెప్పాడు. పక్క సీట్లో బుట్ట నిండా చీనీకాయలు పెట్టుకున్న ముసలామె, నాగేంద్రమ్మట పేరు, అడక్కముందే చెప్పింది, గురవమ్మ చీరను వేళ్లతో పట్టి చూసి, "యాడికి పోతాండావమ్మా?" అంది. జమ్మలమడుగు పక్క కాలనీకి అని చెప్తే, "ముంపు కాలనీకా? మా వియ్యంకులు గూడా ఆడే. ఇండ్లేమో బాగుండాయి గానీ పొద్దు పోదంటారు" అంది. పొద్దు పోదు, నిజమే. ఊరు నీళ్లకింద ఉన్నవాళ్లకు పొద్దు ఎట్లా పోతుంది. గండికోట జలాశయం నిండినప్పుడు కొండయ్య ఫోన్‌లో చూపించాడు, బడి కప్పు మీద ఒక కొంగ నిలబడి ఉంది, దాని కాళ్లకింద నీళ్లు. ఆ కప్పు కింద, ఆ నీళ్ల అడుగున, నల్లటి బోర్డు ఇంకా గోడకే ఉందో ఊడిపోయిందో. సుద్దముక్కతో గీసిన గీత నీళ్లలో ఎంతసేపు ఉంటుంది. ఉండదు. కానీ ఆమె కళ్లు మూసుకుంటే ఉంటుంది.

కాగితాన్ని మూడు రోజుల కింద కోర్టు గేటు దగ్గర పార్టీ మండల నాయకుడు ఇచ్చాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. "మేడం, మీకు శ్రమ లేకుండా మేమే రాయించినాం. సూసి సదివితే సాలు. చిన్నాయన ఎదురుగానే కూసోని ఉంటాడు" అన్నాడు. చిన్నాయన అంటే ఒకప్పుడు ఊళ్లో ఒక వర్గాన్ని నడిపిన పెద్దాయన కొడుకు. పెద్దాయన పోయాక పార్టీ మారింది, జెండా రంగు మారింది, జీపుల స్థానంలో తెల్ల కార్లు వచ్చాయి, పిలుపు మాత్రం మారలేదు. మునిగిపోయిన బడిని కాలనీలో మళ్లీ కట్టారు. సైన్సు గదికి లక్ష్మీపతి సార్ పేరు పెడదామని హెడ్మాస్టరు హుమాయున్ అడిగితే చిన్నాయన సరేనని గది కట్టించి ఇచ్చాడు. ఈ రోజు పదకొండు గంటలకు రిబ్బను కత్తిరిస్తాడు. ఎన్నికలు ఇంకా ఏడాది ఉన్నాయి. కాగితంలో ఆరు వాక్యాలున్నాయి. 'అమరుడైన నా తండ్రి కాటమయ్య పార్టీ కోసం ప్రాణాలర్పించారు. పెద్దాయన మా కుటుంబాన్ని కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. పెద్దాయన ఆదేశం మేరకే లక్ష్మీపతి సార్ నన్ను ధైర్యం గల సాక్షిగా తీర్చిదిద్దారు. పన్నెండు మంది హంతకులకు ఎదురు నిలిచి నేను కోర్టులో సాక్ష్యం చెప్పాను. పెద్దాయన దయతోనే చదువుకుని ఈ స్థితికి వచ్చాను. ఆయన బాటలో నడుస్తున్న చిన్నాయనకు మనమంతా అండగా నిలవాలి.' అంతే. చదివితే రెండు నిమిషాలు కూడా పట్టదు. రెండు నిమిషాలకు ఎవరైనా ఇంతగా ఆలోచిస్తారా.

కొండయ్య నిన్న సాయంత్రం అదే అన్నాడు. "అక్కా, కాగితంలో ఉండేది సదివేసి కిందికి దిగు. పోయేదేముంది? మన పిల్లోనికి పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పని చిన్నాయన చేతిలో ఉండాది. ఒక్క ఫోన్ కొడితే అయిపాయ. రెండేండ్ల నుంచి తిరుగుతాండా ఆయన సుట్టూ. పెద్దాయనా పాయ, సారూ పాయ, అమ్మా పాయ. ఊరే నీళ్లలో పాయ. ఇంకెవరి కోసమక్కా నీ పట్టు?" ఎవరి కోసం. సరే చూద్దాంలే అని ఫోన్ పెట్టేసింది. మేనల్లుడు మంచి పిల్లవాడు. ఐటీఐ చదివి ఇంట్లో కూర్చున్నాడు, ఫ్యాను బాగుచేస్తాడు, అత్త వస్తే సంచి అందుకుంటాడు. వాడి పనికి అడ్డం పడే హక్కు ఆమెకు ఎక్కడిది. తొండూరు దాటింది. అరటి తోటలు వెనకబడ్డాయి, ఎర్రమట్టి మొదలైంది, రోడ్డు పక్కన ఒక గొర్రెల మంద కదులుతున్నది. గురవమ్మకు ఇప్పటికీ మంద కనపడితే చూపు దానంతట అదే పోతుంది. ముందర నడిచేది ముసలిది, కుడిచెవి చీలింది. మూడోది కుంటుతున్నది, గిట్టలో ముల్లు ఉంటుంది. ఆ వెనక కాపరి, తల మీద తువ్వాల. వాళ్ల నాయన కాటమయ్య నడక కూడా అంతే, మందకు తొందర లేదు కాబట్టి మనిషికీ లేదు.

కాటమయ్యకు చదువు రాదు. నూటా పది గొర్రెల్లో ఏ ఒక్కటి తప్పినా లెక్క పెట్టకుండానే తెలిసేది. ఎట్లా తెలుస్తాది నాయనా అంటే, "మొగం కనపల్లా" అనేవాడు. ఆయనకు అన్నీ మొగాలే. ఊళ్లో ఎవరింట్లో ఎవరెవరు, ఎవరి కోడలు ఏ ఊరి పిల్ల, ఎవరు ప్రొద్దుటూరు మగ్గాల పనికి పోయి ఏడాదికోసారి వస్తారు, అన్నీ మొగం చూసి చెప్పేవాడు. అదే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. పంచాయతీ ఎన్నికల్లో పెద్దాయన ఈయన్ను పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చోబెట్టాడు. ఓటర్ల జాబితా చదవలేని మనిషిని ఏజెంటుగా పెట్టడమేందని అందరూ నవ్వారు. పొద్దు గూకేసరికి ఎవరూ నవ్వలేదు. జాబితాలో పేరుంది, వేలు చాపుతున్నాడు, అధికారి చీటీ ఇవ్వబోతున్నాడు, కాటమయ్య తలెత్తి చూసి, "ఈయప్ప మా ఊరాయప్ప కాదు సార్" అనేవాడు. అట్లా ఆ రోజు ముప్పై నలభై మందిని మొగం చూసి వెనక్కు పంపాడు. అవతలి వర్గం ఓడిపోయింది. తర్వాత నాలుగో రోజు ఆయన మందను నీళ్లకు వంకలోకి దించాడు. ఎనిమిదో తరగతి చదివే గురవమ్మ ఆ ఆదివారం తండ్రికి సద్దిమూట తెచ్చి, గట్టు మీద రేగుపొదలో కాయలు కోసుకుంటున్నది.

అక్కడ ఆమె మనసు ఎప్పుడూ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఇప్పుడూ వేసింది. కిటికీ కమ్మీ మీద చేయి పెట్టి, బస్సు గుంతలో పడి లేచే కుదుపును చేతిలోకి రానిచ్చింది. నాగేంద్రమ్మ ఒక చీనీకాయ వలిచి సగం చేతిలో పెట్టింది. వద్దంటే వినదు. తీపి, పులుపు, గింజ. గింజను ఎక్కడ ఉమ్మాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. లక్ష్మీపతి సార్ అయితే ఆ గింజను బల్ల మీద పెట్టి, చూడండి అనేవాడు. అరవై దాకా లెక్క పెట్టేవాడు. తర్వాత జేబురుమాలు కప్పి, ఇప్పుడు చూసింది రాయండి అనేవాడు. అదే ఆయన పాఠం. పుస్తకం తర్వాత. చీనీగింజ, కప్ప, గాజుముక్క, తుమ్మకాయ, ఏదో ఒకటి బల్ల మీదికి వచ్చేది. రాసిన కాగితాలు తీసుకుని ఎర్ర సిరాతో దిద్దేవాడు. ఒక్కో వాక్యం పక్కన ఒకటే ప్రశ్న ఉండేది: చూసినావా, అనుకున్నావా? గింజలోపల మొలక ఉంది అని రాస్తే ప్రశ్న. కప్పకు భయం వేసింది అని రాస్తే ప్రశ్న. మొదటి రోజు ఆయన మేకను గీయమన్నాడు, కిటికీ బయట గోడ పక్కన ఒక మేక ఉంది. అందరూ నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, గడ్డం, తోకతో చక్కటి మేకను గీశారు. గురవమ్మ ఒక చెవి, ఒక కొమ్ము, మెడ దాకా గీసి ఆపింది. పిల్లలు పగలబడి నవ్వారు. గొల్లోళ్ల పిల్లకు మేకే తెలీదు సార్ అన్నాడు ఎవడో. ఆయన ఆ పలకను పైకెత్తి పట్టుకుని, "మిగతాది గోడ వెనక ఉంది, నాయనా. ఈ అమ్మాయి ఒక్కతే మేకను చూసింది. మీరంతా మేక అనుకున్నారు" అన్నాడు. పదమూడేండ్ల బతుకులో మొదటిసారి, ఆమెకు తెలిసినది చదువులోకి పనికొచ్చింది.

ముద్దనూరు వచ్చింది. దూరంగా పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనపడుతున్నాయి, ఒకదాన్లోంచి తెల్లటి పొగ. మేనల్లుడి పొగ. బస్సు ఐదు నిమిషాలు ఆగింది, సగం మంది దిగారు, దిగినంత మంది ఎక్కారు. ఫోన్ మోగింది. హుమాయున్.

"గురవమ్మా, బస్సెక్కినావా?"

"ముద్దనూర్లో ఉండా. హుమాయున్, నన్ను ఆఖర్న పిలువు."

"సరే. చూడు, ఆ కాగితం నేను రాసింది కాదు. నాకు చూపించనూ లేదు."

"తెలుసులే."

"నువ్వు ఏం చదువుతావో నేను అడగను. అమ్మగారిని ముందు వరసలో కూర్చోబెట్టినాను. మందు తెచ్చినావా అని పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది."

అడగను అన్నాడు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో ఆమెకు తెలుసు, ఇద్దరూ నేర్చుకున్నది ఒకే గదిలో. హుమాయున్ అప్పట్లో పదో తరగతి. అవతలి వర్గం నాయకుడి జీపు తోలే డ్రైవరు కొడుకు. బడిలో మొదటి ర్యాంకు. అందుకే అతని పేరు నిందితుల జాబితాలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఒక హత్య జరిగితే ఇవతలివాళ్లు అవతలివాళ్ల పేర్లు రాసి ఫిర్యాదు ఇచ్చేవాళ్లు. చేసినవాళ్ల పేర్లు రెండో మూడో ఉండేవి. ఆ తర్వాత అవతలి ఊళ్లో ఎవడు బాగా చదువుతున్నాడో, ఎవడు ఉద్యోగానికి కాగితాలు పెట్టుకున్నాడో, ఎవడు పైకొస్తాడని అనుమానమో, వాడి పేరు. కేసు ఉన్నవాడికి ఉద్యోగం రాదు. మనిషిని చంపక్కర్లేదు, జాబితాలో ఎక్కిస్తే చాలు. కాటమయ్య హత్య కేసులో పన్నెండు పేర్లు. తొమ్మిదోది హుమాయున్. జాబితా పెద్దాయన ఇంటి వరండాలో రాశారు, గురవమ్మ తల్లి పోలమ్మ వేలిముద్ర వేసింది. చూసిన మనిషి ఒక్క గురవమ్మే కాబట్టి ఆ పన్నెండు పేర్లూ ఆమె నోటి నుంచి రావాలి. కేసు కోర్టుకు రావడానికి రెండేండ్లు పట్టింది. ఆ రెండేండ్లూ పెద్దాయన మనిషొకడు వారానికోసారి వచ్చి ఆమెచేత ఎక్కం మాదిరి చెప్పించేవాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా గుక్క తిప్పకుండా. నడుమ అడ్డం తగిలి ఏడోవాడెవడు అంటే తడబడేది, మళ్లీ మొదటి నుంచి రావాల్సి వచ్చేది. "లాయరు ఇట్లనే అడ్డం అడుగుతాడు, నీ కూతురు నీళ్లు నములుతాంది సూడు" అని వాడు పోలమ్మ మీద అరిచాడు. అప్పుడు పెద్దాయనకు ఒక ఉపాయం తట్టింది. ఈ పిల్ల అయ్యవారు చెప్తే వింటుంది, అయ్యవారి దగ్గర చదివినోళ్లు పాఠం మర్చిపోరు. కబురు పెట్టి పిలిపించి, కోర్టుకు ఇంకా మూడు వారాలుంది, ఈ పిల్లకు పాఠం చెప్పు అన్నాడు.

లక్ష్మీపతి సార్ సరేనన్నాడు. ఆ ఒక్కమాట ఊళ్లో శానా రోజులు నలిగింది, బాపనయ్యకు భయం పట్టిందిలే అన్నారు. భయపడే ఉంటాడు. ఏమో. ఆయన లోపల ఏముందో గురవమ్మ చూడలేదు. బడి వదిలాక సైన్సు గదిలో కూర్చోమన్నాడు. పెద్దాయన మనిషి గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. సార్ కుర్చీలో కూర్చోలేదు. "చెప్పు తల్లీ" అన్నాడు. ఆమె పన్నెండూ ఒక్క గుక్కలో చెప్పింది. బయట బీడీ మనిషి శభాష్ అన్నాడు. సార్ తల ఊపి సుద్దముక్క చేతికిచ్చి, "ఇప్పుడు బోర్డు మీద గియ్. వంక ఎక్కడ, గట్టు ఎక్కడ, నువ్వెక్కడ, నాయన ఎక్కడ" అన్నాడు. గీసింది. వంక ఒక వంకరగీత. గట్టు. రేగుపొద, అందులో తను, ఒక చుక్క. గొర్రెలకు సున్నాలు, నూటా పది పెట్టలేక ఇరవై పెట్టింది. నాయనకు నిలువుగీత. అవతల గట్టు మీద ఒక డబ్బా, అది జీపు. జీపు నుంచి నాయన దాకా ఇద్దరు. ఒకని కనుబొమ్మ మీద గాటు. ఇంకొకడు అంతకుముందు ఏడాది జాతరకు వాళ్ల దగ్గరే పొట్టేలు కొనుక్కుపోయినవాడు, పొట్టేలు పండ్లు చూడ్డానికి దాని నోరు తెరిచిన చేతులు ఆమెకు గుర్తు. ఇద్దరినీ పెట్టింది. తర్వాత సుద్దముక్క గాలిలోనే ఆగిపోయింది.

"మిగతా పదిమంది?" అన్నాడు సార్. మామూలుగానే అన్నాడు, గింజను గురించి అడిగినట్టు.

"జీపులో పెడదామా సార్?"

"జీపు లోపలికి చూసినావా?"

"లేదు సార్. టాపు మాత్రమే అగుపడె."

"అయితే టాపు గియ్."

టాపు గీసింది. ఆయన కిటికీ దగ్గరికి పోయి, వీపు ఇటు పెట్టి, పంచెకు చేతులు తుడుచుకుంటూ బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆమెకు ఆ వీపు తెలుసు, చొక్కా భుజం దగ్గర కుట్టు విడింది. పొద్దు దిగుతున్నది. బీడీ వాసన. గదిలో గాజుసీసాలో నానేసిన కప్ప. పదిమందిని ఎక్కడ పెట్టాలి. పొద వెనక పెడదామంటే పొదలో తను ఉంది. వంకలో పెడదామంటే వంక నిండా గొర్రెలు. నాయన పక్కన పెడదామంటే, నాయన పక్కన ఎవరూ లేరు. అదే ఆమె ఏడుపు. నాయన పక్కన ఆ పొద్దు ఎవరూ లేరు, తను కూడా పొదలోనే ఉంది, అరవను కూడా అరవలేదు. అది రెండేండ్లుగా ఎవరూ అడగలేదు. అందరూ పేర్లు అడిగారు. బోర్డు ముందర నిలబడి ఆ పిల్ల ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు, సార్ వెనక్కి తిరగలేదు, వద్దనలేదు, తొందర పెట్టలేదు. చివరికి ముక్కు తుడుచుకుని, "చోటు ల్యా సార్" అంది. అప్పుడు తిరిగాడు. బోర్డు అంతా ఒకసారి చూశాడు. "సరే, చోటు లేదు. రేపొచ్చి మళ్లీ గియ్" అన్నాడు. మూడు వారాలు రోజూ గీసింది. బీడీ మనిషి మూడో రోజు నుంచి రావడం మానేశాడు, అయ్యవారు మంచిగా నేర్పిస్తాండాడని పెద్దాయనకు చెప్పాడట. ఆఖరి రోజు ఆమె అడిగింది, కోర్టులో ఏం చెప్పాల సార్ అని. "కోర్టులో బోర్డు ఉండదు. ఉందనుకో. దాంట్లో ఉన్నవాళ్లను చెప్పు" అన్నాడు. అనుకోమని ఆయన చెప్పింది ఆ ఒక్కసారే.

ప్రొద్దుటూరు కోర్టు. బోను కమ్మీ చేతులు తగిలి తగిలి నున్నగా అయింది, ఆమెకు గడ్డం దాకా వచ్చింది. పన్నెండు మంది వరసగా నిలబడ్డారు, తొమ్మిదోవాడు హుమాయున్, మీసం మొలుస్తున్నది, కింద చూస్తున్నాడు. ఇద్దరిని చూపించింది. మిగతావాళ్లో అని తమ లాయరే అడిగాడు. "చూల్లేదు సార్." మళ్లీ అడిగాడు. "చూల్లేదు సార్." అవతలి లాయరు లేచి, ఈ ఇద్దరిని మాత్రం ఎట్లా గుర్తుపట్టినావు, అప్పుడు నువ్వు పిల్లవి, రెండేండ్లయింది, వంకకు ఆ గట్టు నుంచి ఈ గట్టుకు ఎంత దూరం అన్నాడు. "మా మందలో నూటా పది గొర్రెలుండె సార్. ఒక్కోదాని మొగం నాకు తెలుసు. నాయనను సంపినోళ్ల మొగం తెలీదా?" అంది. ఎవరో నవ్వబోయి ఆగారు. పక్కన టైపు మిషను టకటకలాడింది. ఆ శబ్దం ఆమెకు నచ్చింది, తను చెప్పింది చెప్పినట్టే కాగితం మీదికి పోతున్నదని. ఇద్దరికి శిక్ష పడింది. పదిమంది ఇంటికి పోయారు. చేయించినవాళ్ల పేరు ఎక్కడా రాలేదు, వాళ్లను ఎవరూ చూడలేదు కాబట్టి. దాన్ని గురించి సార్ ఒకసారి మాత్రం అన్నాడు, "మన బోర్డు చిన్నది తల్లీ."

అమ్మ మాత్రం బస్టాండులోనే చేయి విదిలించుకుంది. "నీ నాయన సావుకు ఇద్దరేనామే? నువ్వు నా కడుపున పుట్టల్యా" అంది. ఆ తర్వాత ఆరేండ్లు మాట్లాడలేదు. ఊళ్లో ఆ పిల్ల ఉండే పరిస్థితి లేదు. సార్ ఇంటి మీద రాళ్లు పడ్డాయి, పది రోజుల్లో జిల్లా ఆ చివరకు బదిలీ వచ్చింది. పెద్దాయన పిలిచి, 'అయ్యవారూ, నీకు పాఠం చెప్పడం రాదని తెలీకపాయనే' అన్నాడట. ఇది గురవమ్మ చూసింది కాదు, కమలాంబమ్మ చెప్పగా విన్నది. కాబట్టి మైకులో చెప్పకూడదు. సార్ ఒక్కడే ఆ దూరపు ఊళ్లో గది తీసుకున్నాడు. ఈ పిల్ల ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో చేరాలని కమలాంబమ్మను అక్కడే అద్దె ఇంట్లో ఉంచాడు. పిల్లలు లేని దంపతులు, ఆరేండ్లు వారమంతా వేర్వేరుగా వండుకుని గడిపారు. శనివారం రాత్రి బస్సుకు వచ్చి ఆదివారం ఉండి పోయేవాడు. కమలాంబమ్మ మొదట్లో ఈ పిల్లకు వేరే గ్లాసు, వేరే కంచం, వరండాలో వడ్డన. దాచేదేముంది, అట్లాగే ఉండింది. ఒక వానాకాలం ఈ పిల్లకు జ్వరం వచ్చి మూడు రోజులు లేవలేకపోతే, ఆమె తన గ్లాసుతోనే గంజి తాగించింది. ఆ తర్వాత ఏ గ్లాసు ఎవరిదో ఆ ఇంట్లో కలిసిపోయింది. డిగ్రీ అయ్యాక, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం వేరుశనక్కాయలు వొలుస్తూ ఆమె సార్‌ను అడిగేసింది. "హుమాయున్ ఏ పాపం తెలీనోడని మీకు తెలుసు గదా సార్. ఆ పొద్దు నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదు?" ఆయన గింజ నోట్లో వేసుకుని, "నాకెట్లా తెలుసు? నేను అక్కడ లేను కదా. ఉన్నాడేమో. లేడేమో" అన్నాడు. ఆమె చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. ఆయనకూ తెలియదు. తెలిసి నడిపించాడని అన్నేండ్లూ ఆమె అనుకున్నది. అనుకున్నది, చూడలేదు.

శనగచేలు మొదలయ్యాయి, నల్లరేగడి, ఇక ఇరవై నిమిషాలు. గురవమ్మ కాగితం తీసి ఒళ్లో సంచి మీద పరిచి, ఎర్ర పెన్ను మూత తీసింది. నాగేంద్రమ్మ వంగి చూసి, "పిల్లోళ్ల పరీచ్చ కాగితమా?" అంది. అవునంది. పార్టీ కోసం ప్రాణాలర్పించారు. చూసినావా? ఆయన గొర్రెలకు నీళ్లు పెడుతూ చనిపోయాడు, చూసింది. కొట్టేసింది. కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. చూళ్లేదు. ఆదేశం మేరకే. ఆదేశం ఉండింది, దాని మేరకు జరిగింది ఏదీ లేదు. పన్నెండు మంది. ఇక్కడ బస్సు ఊగి గీత వంకర పోయింది. వంకరపోయినా కొట్టివేతే. దయతోనే. అండగా. ఆఖరికి తండ్రి పేరు, సార్ పేరు, 'నేను' అన్న మాట మిగిలాయి. మేనల్లుడు మిగల్లేదు, వాడు కాగితంలో లేనే లేడు, అదే కష్టం. వాడి మొగం పొగగొట్టం పక్కన కనపడుతూనే ఉంది. పెన్ను మూత పెట్టడానికి శానాసేపు పట్టింది.

బస్టాండులో కొండయ్య మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా. సంచి అందుకుంటూ కాగితం మీది ఎర్రగీతలు చూశాడు. చదవకుండానే తెలిసిపోయింది. "అట్లనేనా అక్కా?" అన్నాడు. "అట్లనే కొండయ్యా." బండి తన్నాడు, రెండుసార్లు తన్నితే గానీ లేవలేదు. కాలనీలో షామియానా, కుర్చీలు, సార్ ఫొటో. ఎప్పటిదో సన్మాన సభ ఫొటో కత్తిరించినట్టున్నారు, సార్ భుజం మీద ఇంకెవరిదో చేయి సగం మిగిలి ఉంది. కమలాంబమ్మ ముందు వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని. చిన్నాయన, పాపం, మర్యాదగానే లేచి నమస్కారం పెట్టాడు. పది మంది మాట్లాడాక హుమాయున్ పిలిచాడు. గురవమ్మ కాగితాన్ని మడిచి చేతిలోనే ఉంచుకుంది.

"నేను కాటమయ్య కూతురిని. మా నాయనను సంపినప్పుడు ఇద్దరిని చూసినా. ఇద్దరినే చెప్పినా. పన్నెండు మందిని చెప్పమని నాకు పాఠం పెట్టించినారు. ఈ సార్ ఆ పాఠం చెప్పలేదు. బోర్డు ముందర నిలబెట్టి, నాకు తెలిసేదాకా కాచుకొని ఉన్న్యాడు. మిగిలిన పదిమందిలో ఒకరు ఈ పొద్దు ఈ బడికి హెడ్మాస్టరు. నేను చూసింది ఇంతే."

చప్పట్లు పడలేదు. ఒక కుర్చీ కిర్రుమన్నది. చిన్నాయన ఫొటో కోసం పెట్టుకున్న నవ్వు అట్లాగే పెట్టుకుని ఫోన్ వైపు చూసుకున్నాడు. హుమాయున్ కింద చూస్తున్నాడు, ఆనాటి మాదిరే. కమలాంబమ్మ పక్కనున్న ఆమెను గట్టిగా, అందరికీ వినపడేటట్టు అడిగింది, "అయిపోయిందా? గురవమ్మేనా మాట్లాడింది? చుక్కల మందు తెచ్చిందా?" అప్పుడు కొందరు నవ్వారు, గాలి కొంచెం ఆడింది.

తిరిగి పోయేటప్పుడు కొండయ్య బండి దగ్గర తువ్వాలతో సీటు తుడిచాడు. "పిల్లోని పని పాయలే" అన్నాడు. తువ్వాల దులిపి, "అంటే నాయన పక్కన ఎవురూ లేరన్నమాట. నాకెప్పుడూ చెప్పల్యా నువ్వు" అన్నాడు. మైకులో అది చెప్పలేదు, ఇద్దరినే చూసినా అన్న మాట నుంచి వీడే పట్టుకున్నాడు. "చెప్తా. ఇంటికి పా" అంది. "ఎక్కు. ఎండ ముదురుతాంది" అన్నాడు.

ఇది చదివినవాళ్లను అడిగేది ఒక్కటే. ఆ కాలనీ బడికి ఎప్పుడైనా పోతే సైన్సు గదిలో ఫొటో కనపడుతుంది. లక్ష్మీపతి సార్‌ను ఆ ఫొటోలో ఉన్నట్టు గుర్తుపెట్టుకోవద్దు. పొద్దు దిగే వేళ, కిటికీ దగ్గర, ఇటు వీపు పెట్టి, చొక్కా భుజం దగ్గర కుట్టు విడి, వెనక ఒక పిల్ల సుద్దముక్క పట్టుకుని ఏడుస్తుంటే తిరక్కుండా, తొందరపెట్టకుండా, పంచెకు చేతులు తుడుచుకుంటూ నిలబడిన మనిషిగా గుర్తుపెట్టుకోండి. ఆమె చూసింది అదే.